అత్తగారి మోకాళ్లకు సరిపోయే రాజధాని

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటాం. గుంటూరు నుంచి మా అత్తగారు మూడు నెలల వీసా మీద వచ్చారు. పారిస్, రోమ్ తిప్పాం. రెండు చోట్లా జనం, క్యూలు, మెట్లు. రోమ్‌లో అయితే మోకాళ్ల నొప్పితో ఆవిడ సగం రోజు బెంచీల మీదే కూర్చున్నారు. అక్టోబరు మొదట్లో శుక్రవారం నుంచి ఆదివారం దాకా, అందరూ ఎగబడని చిన్న రాజధాని ఏదైనా చూపిద్దామని ఉంది. ల్యుబ్ల్యానా, సరయేవో, బ్రాటిస్లావా అనుకుంటున్నాం. మావారు ల్యుబ్ల్యానాకి బ్లెడ్ సరస్సు, పోస్టోయ్నా గుహలు, వెనిస్ కూడా కలిపి ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశారు. అత్తగారు గుడ్డు కూడా తినరు. ఏం చేయమంటారు?

సమాధానం:

స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాకే వెళ్లండి. మీవారి ఎక్సెల్ షీట్‌లోంచి వెనిస్‌ని మాత్రం ఈ ఉత్తరం చదవడం పూర్తికాకముందే తీసేయించండి. అటు కొన్ని గంటలు, ఇటు కొన్ని గంటలు బస్సులో కూర్చుని, మధ్యలో వంతెన వంతెనకీ మెట్లెక్కి దిగే ఊరికి మోకాళ్ల నొప్పులున్న మనిషిని తీసుకెళ్లడం అంటే రోమ్‌ని ఇంకోసారి చూపించడమే.

బోస్నియా రాజధాని సరయేవో మంచి ఊరే, నాకు చాలా ఇష్టం కూడా. కానీ ముందు అత్తగారి వీసా స్టిక్కర్ తీసి చూడండి, ఎన్ని ఎంట్రీలు అని రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో 01 అని ఉంటే ఆవిడ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) దాటి బోస్నియాలో కాలు పెట్టిన క్షణంలో ఆ వీసా పని అయిపోయినట్టే, ఇంకా నెల మిగిలి ఉన్నా సరే తిరిగి మ్యూనిక్ రావడానికి కుదరదు. మీకూ మీవారికీ జర్మనీ రెసిడెన్స్ కార్డులు ఉంటాయి కాబట్టి ఈ సంగతి మీ తలకి తట్టదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సెర్బియాలోని బెల్‌గ్రేడ్ అన్నా ఇదే గొడవ. స్లొవేనియాకి ఆ టెన్షన్ లేదు, 2007 నుంచి యూరో అక్కడ, అదే ఏడాది చివర్లో షెంగెన్‌లోనూ చేరింది. బ్రాటిస్లావా సంగతంటారా, వియన్నా నుంచి రైల్లో గంట దూరం, ఎప్పుడైనా వియన్నా వెళ్లినప్పుడు ఒక పూట కేటాయిస్తే చాలు, దానికోసం మ్యూనిక్ నుంచి ప్రత్యేకంగా బయల్దేరక్కర్లేదు.

ఇక ల్యుబ్ల్యానా ఎందుకంటే, అది సుమారు మూడు లక్షల జనాభా ఉన్న ఊరు. అంటే మన గుంటూరులో సగం కూడా ఉండదు, కానీ ఒక దేశానికి రాజధాని. చూడవలసినవన్నీ ల్యుబ్ల్యానిట్సా అనే చిన్న నదికి అటొడ్డునా ఇటొడ్డునా ఉంటాయి, కోట ఒక్కటే కొండ మీద, మిగతాదంతా చదును. 2007 నుంచి మొదలుపెట్టి ఊరి నడిబొడ్డుని కార్లకు మూసేస్తూ వచ్చారు, ఇప్పుడు అక్కడ నడిచేవాళ్లూ సైకిళ్లూ తప్ప ఏమీ తిరగవు (సైకిళ్లు మాత్రం చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేస్తాయి, అత్తగారిని లోపలి వైపు నడిపించండి). కార్లు తీసేసిన తర్వాత పెద్దవాళ్ల సంగతేమిటని ఆలోచించి, కవాలిర్ అని చిన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లు పెట్టారు. మన రైల్వే స్టేషన్లలో ముసలివాళ్ల కోసం తిరిగే బ్యాటరీ బండ్లలాంటివే అనుకోండి. పూర్తిగా ఉచితం. ఎదురుగా వస్తుంటే చెయ్యెత్తి ఆపొచ్చు, లేదా ఫోన్ చేస్తే వస్తాయి. ఆ నంబరు మీ హోటల్‌వాళ్లని అడిగి దిగిన రోజే ఫోన్‌లో వేసుకోండి. మీ ఇంట్లో పరిస్థితికి నేను ఈ ఊరు చెప్పడానికి సగం కారణం ఆ బండే.

ఇప్పుడు రోజుల లెక్క. మ్యూనిక్ నుంచి నేరుగా రైలుంది, ఆరు గంటలకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. రాకా పోకా తీసేస్తే మీ మూడు రోజుల్లో మిగిలేది ఒకటిన్నర రోజు. అందుకని మీలో ఒకరు కాదు ఇద్దరూ సోమవారం సెలవు పెట్టండి. శుక్రవారం పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికి చేరడం, శనివారం ఊరు, ఆదివారం ఊరి బయట ఒకే ఒక్క చోటు, సోమవారం తిరుగు రైలు. సెలవు దొరక్కపోతే ఆ బయటి చోటు మానేయండి, ఊరు మానొద్దు. చిన్న రాజధానికి వెళ్లేవాళ్లు చేసే పనే అది, ఊర్లో పడుకోవడానికి మాత్రం గది తీసుకుని పొద్దున లేస్తే చుట్టుపక్కల ఊళ్ల మీద పడతారు, చివరికి వచ్చి "అక్కడ చూడటానికేం లేదండీ" అంటారు.

కారా, రైలా అంటే నేనైతే రైలే. కారులో నాలుగు గంటలు, నాలుగున్నర గంటల్లో చేరతారు, నిజమే, కానీ ఆస్ట్రియాకి ఒక విన్యెట్ (హైవేల మీద తిరగడానికి ముందే కొనే పాస్), స్లొవేనియాకి ఇంకో విన్యెట్, ఇవి కాక టవర్న్, కరవాంకెన్ సొరంగాలకు విడిగా టోల్, అన్నీ అయ్యాక ఊళ్లోకి కారు పోనివ్వరు కాబట్టి పార్కింగ్ వెతుకులాట. రైలైతే జాల్జ్‌బుర్గ్ దాటాక కొండల్లో పడుతుంది, బాడ్ గస్టైన్ దగ్గర లోయ అంచునే పోతుంది, కిటికీ పక్క సీటు అత్తగారికివ్వండి. టికెట్ కొనేటప్పుడు ఆ లైన్లో ఎక్కడైనా మరమ్మతులు జరుగుతూ బస్సు ఎక్కించే భాగం ఉందేమో చూసుకోండి, రైలు దిగి సామానుతో బస్సెక్కడం ఆవిడకు కష్టం. సీట్ల రిజర్వేషన్ కూడా చేయించుకోండి. ముగ్గురి పాస్‌పోర్టులూ చేతిసంచీలోనే ఉండాలి. షెంగెన్ లోపలే కదా అనుకోవద్దు, ఆస్ట్రియా సరిహద్దులోనూ తిరుగు ప్రయాణంలో జర్మనీ సరిహద్దులోనూ పోలీసులు రైలెక్కి అడగొచ్చు.

బస విషయంలో, పాత ఊళ్లో నది ఒడ్డున రాళ్లు పరిచిన వీధుల్లో ఉండే ముచ్చటైన గదుల ఫొటోలు చూసి పడిపోకండి. అవి చాలావరకు పాత ఇళ్లు, లిఫ్టు ఉందో లేదో ఉత్తరం రాసి కనుక్కోవాలి, టాక్సీ గుమ్మం దాకా రాదు. రైల్వే స్టేషన్‌కీ నడిబొడ్డున ఉన్న ప్రెషెర్న్ కూడలికీ మధ్యలో ఎక్కడైనా, మిక్లోషిచ్ వీధి చుట్టుపక్కల వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. స్టేషన్‌కీ దగ్గర, నదికీ దగ్గర. వంటగది ఎందుకో కిందకి వస్తే మీకే తెలుస్తుంది.

శుక్రవారమే ఎందుకు చేరమన్నానంటే, మార్చి మధ్య నుంచి అక్టోబరు దాకా వాన లేని శుక్రవారాల్లో పెద్ద మార్కెట్ పక్కన పొగాచార్ కూడలిలో ఓపెన్ కిచెన్ పెడతారు. ఊళ్లోని వంటవాళ్లంతా పెనాలూ పొయ్యిలూ తెచ్చుకుని కళ్ల ముందే వండి పెడతారు. అత్తగారు తినేవి తక్కువే దొరుకుతాయి, మీ ఇద్దరికీ మాత్రం పండగ. ఆవిడకు ఆ సీజన్‌లో వీధుల్లో కాల్చి అమ్మే చెస్ట్‌నట్ పొట్లం కొనివ్వండి, వేడివేడిగా ఒలుచుకుని తింటే కాల్చిన చిలగడదుంపకు దగ్గరగా ఉంటుంది. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే మూడు వంతెనలు. 1842లో కట్టిన రాతి వంతెన మధ్యలో ఉంటే, దాని పక్కన రెండు వైపులా నడిచేవాళ్ల కోసం ఇంకో రెండు వంతెనలు కలిపాడు యోజె ప్లెచ్నిక్ అనే ఆర్కిటెక్ట్, 1932లో పూర్తయ్యాయి. ఒక మనిషి ఒక ఊరికి ఇంత రూపం ఇచ్చిన సందర్భాలు తక్కువ. వంతెనలు, మార్కెట్, లైబ్రరీ, నది మెట్లు, శ్మశానం దాకా అతని చెయ్యి పడనిది లేదు. 2021లో యునెస్కో ఆ పనులన్నిటినీ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది.

వంతెనకి ఇవతల కూడలిలో ఉన్న విగ్రహం వాళ్ల జాతీయ కవి ఫ్రాన్స్ ప్రెషెర్న్‌ది. ఆయన ఎటు చూస్తున్నాడో ఆ చూపు వెంట మీరూ చూస్తే, ఎదురుగా వోల్ఫ్ వీధిలో ఒక పసుపుపచ్చ ఇంటి గోడ మీద కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు ఒక అమ్మాయి బొమ్మ కనిపిస్తుంది. ఆయన ప్రేమించిన, ఆయనకు దక్కని యూలియా. 1849లో ఆయన పోయిన రోజు, ఫిబ్రవరి 8, దేశమంతా సెలవు. రాజుకో సేనాపతికో కాకుండా ఒక కవి చనిపోయిన రోజుకి సెలవిచ్చే దేశం అని చెప్పండి, అత్తగారికి నచ్చుతుంది.

శనివారం పొద్దున్నే మార్కెట్. ఆ ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చే చోటు ఇదే, ఇక్కడ తొందరపడొద్దు. మూడు వంతెనల నుంచి డ్రాగన్ వంతెన దాకా నది పొడుగునా ప్లెచ్నిక్ కట్టిన స్తంభాల వరస, దాని ముందు ఆరుబయట కూరగాయలు, పళ్లు, పూలు, తేనె. స్తంభాల కింది అంతస్తులో చేపల మార్కెట్ ఉంది, అటు దిగకుండా పైనుంచే తీసుకెళ్లండి. తేనె అమ్మేవాళ్ల దగ్గర కాసేపు ఆగండి, వాళ్లకి తేనెటీగలంటే ప్రాణం, ప్రపంచ తేనెటీగల దినోత్సవం (మే 20) పెట్టాలని ఐక్యరాజ్యసమితిని ఒప్పించిందే స్లొవేనియా. చెస్ట్‌నట్ పూల తేనె కొంచెం చేదు, లిండెన్ అనే చెట్టు పూలది తేలిక, రుచి చూపించమంటే చూపిస్తారు. అక్కడే పాల మెషీన్ ఒకటుంటుంది. నాణెం వేసి సీసా పెడితే పచ్చి పాలు పడతాయి. కాచకుండా తాగేవి కావు, కాచి తోడు పెట్టుకోవడానికి మాత్రం బ్రహ్మాండం. అపార్ట్‌మెంట్‌లో హీటర్ పక్కన గిన్నె పెట్టి పడుకుంటే ఆదివారానికి అత్తగారికి గడ్డపెరుగు. సూపర్‌మార్కెట్ పెరుగు నోటికి అంటలేదని మ్యూనిక్‌లో ఆవిడ ఇప్పటికే అని ఉంటారు.

డ్రాగన్ వంతెన ఆ చివర్లోనే. 1895 భూకంపంలో ఊరు సగం దెబ్బతిన్నాక, పాత కొయ్య వంతెన స్థానంలో 1901లో కాంక్రీటుతో కట్టారు, నాలుగు మూలలా రాగి డ్రాగన్లు. ఫొటో తీసుకుని ముందుకు పొండి. మార్కెట్ వెనకే కోటకు తీసుకెళ్లే ఫ్యునిక్యులర్ (తాడుతో కొండెక్కే రైలు) ఉంది, నిమిషంలో పైన దింపుతుంది. కోట ఆవరణలోకి టికెట్ అక్కర్లేదు, కాఫీ తాగి గోడ పక్కన నిలబడి ఊరు చూడొచ్చు, ఆకాశం బాగుంటే ఉత్తరాన ఆల్ప్స్ కనిపిస్తాయి. బురుజు ఎక్కడం మీ ఇద్దరి పని, అదంతా మెట్లే. ఒక్క మాట, అక్టోబరులో ఆ ఊరికి పొద్దున పూట పొగమంచు ఎక్కువ, చుట్టూ కొండలు మధ్యలో పళ్లెంలా ఉంటుంది కాబట్టి మంచు ఒకపట్టాన కదలదు. కిటికీలోంచి ఏమీ కనిపించకపోతే ముందు మార్కెట్, మంచు విడిచాక కోట.

మధ్యాహ్నం ఆవిడ్ని కాసేపు పడుకోనివ్వండి. ఆ టైమ్‌లో మీరిద్దరూ ప్లెచ్నిక్ లైబ్రరీకి వెళ్లి రండి. ఎర్ర ఇటుకలూ కొండరాళ్లూ కలిపి కట్టిన గోడలు, తలుపు పిడి పట్టుకుంటే చేతిలోకి వచ్చేది ఒక చిన్న గుర్రం తల, లోపలికి అడుగు పెట్టగానే నల్ల రాతి స్తంభాలు, ముప్ఫై రెండు, వాటి మధ్య చీకట్లోంచి మెట్లెక్కుతూ పోతే పైన వెలుగు. చదువంటే అదే అని ఆయన ఉద్దేశం. చదువుకునే గదిలోకి సందర్శకులను ఎప్పుడు రానిస్తారో ముందే చూసుకోండి, అది విద్యార్థులు చదువుకునే చోటు. సాయంత్రం అందరూ కలిసి నదిలో పడవెక్కండి, గంటలోపే అయిపోతుంది, ఒడ్డున వాలిన విల్లో చెట్ల కింద నుంచి పోతుంది, ఆ మూడు రోజుల్లో అత్తగారు అడుగు వేయకుండా ఊరంతా చూసేది అప్పుడే.

పడవ దిగాక మాత్రం నేరుగా సూపర్‌మార్కెట్‌కి వెళ్లండి. ఆదివారాలు అక్కడ దుకాణాలు మూసేస్తారు, చట్టమే ఉంది, పెట్రోలు బంకుల్లాంటివి కొన్ని తప్ప. జర్మనీలో ఉంటున్నారు కాబట్టి మీకిది కొత్త కాదు, కానీ సెలవుల్లో ఉంటే ఇదే మర్చిపోతాం. కూరగాయల మార్కెట్ కూడా ఆదివారం ఉండదు. అందుకే ఊరు వదిలి వెళ్లే రోజు ఆదివారం పెట్టమన్నాను.

ఆ ఆదివారం బ్లెడ్డా, పోస్టోయ్నానా? రెండూ ఒకే రోజు వద్దు. శనివారం రాత్రి వాతావరణం చూసుకుని తేల్చుకోండి. ఎండ ఉంటే బ్లెడ్, వాన ఉంటే గుహలు, గుహకు వానతో పనిలేదు కదా. బ్లెడ్‌కి రైలు కంటే బస్సు నయం, దాదాపు గంటంపావులో సరస్సు దగ్గర దింపుతుంది. రైల్లో లెస్ట్సె స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి మళ్లీ నాలుగు కిలోమీటర్లు. ఆదివారం బస్సులు తగ్గుతాయి, తిరుగు బస్సు టైమ్ కూడా ముందే రాసుకోండి. సరస్సు చుట్టూ ఆరు కిలోమీటర్లు, చదునైన దారి, అంతా నడవక్కర్లేదు, గుర్రబ్బండి దొరుకుతుంది. మధ్యలో ద్వీపం మీద చర్చికి పడవలో తీసుకెళ్తారు, రేవు నుంచి పైకి తొంభై తొమ్మిది మెట్లు. పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని ఎత్తుకుని అవన్నీ ఎక్కాలని అక్కడ ఆచారం, మీవారి ఎక్సెల్ షీట్‌లో ఈ వరస లేదనుకుంటా. అత్తగారు మాత్రం ఒడ్డునే కూర్చోవడం మేలు. అక్కడి క్రెమ్‌ష్నిటా అనే మీగడ కేకు పేరున్నది, కానీ గుడ్డుతో చేసిన కస్టర్డ్ దాని నిండా.

పోస్టోయ్నా అయితే గుహలోకి చిన్న రైలే తీసుకెళ్తుంది, 1872 నుంచీ లోపల పట్టాలున్నాయి. దిగాక ఒకటిన్నర కిలోమీటరు నడవాలి, మెట్లు కాదు గానీ ఎత్తుపల్లాలు ఉంటాయి, మధ్యలో వెనక్కి తిరగడానికి ఉండదు. ఏడాదంతా పది డిగ్రీలే, స్వెటర్, మంకీ క్యాప్ ఉండాల్సిందే. బొర్రా గుహలు చూసిన మనిషైతే అంత పెద్దగా ఆశ్చర్యపోకపోవచ్చు, ఈ లోపలి రైలు మాత్రం సరదా. ష్కోట్సియాన్ గుహలు ఇంకా గొప్పవని ఎవరైనా చెప్తారు, నిజమే, కానీ అక్కడ వందల కొద్దీ మెట్లు, మీకు కాదు.

తిండి విషయం దాచకుండా చెప్తాను, గుడ్డు తినని శాకాహారికి స్లొవేనియా వంట కలిసిరాదు. ష్ట్రుక్లి అని చీజూ వాల్‌నట్లూ పెట్టి చుట్టి ఉడికించేవి చాలా బాగుంటాయి, కానీ పిండిలోనో లోపలో గుడ్డు ఉంటుంది. బక్‌వీట్ (హిందీలో కుట్టు) పిండితో చేసే జ్గాంట్సి మన సంకటిలా కనిపిస్తుంది, పైన పంది కొవ్వు వేయించి చల్లుతారు. యోటా అనే పుల్లటి చిక్కుడుగింజల చారులో పొగబెట్టిన మాంసం ముక్కలు పడేస్తారు. ఉల్లిపాయలతో వేయించిన బంగాళాదుంప చూసి హమ్మయ్య అనుకోకుండా నూనెలోనా కొవ్వులోనా అని అడగండి. ఇంగ్లీషు దాదాపు అందరికీ వచ్చు, మొహమాటపడకుండా అడిగితే మొహమాటపడకుండా చెప్తారు. ఇటలీ పక్కనే కాబట్టి పిజ్జా ఎక్కడైనా బాగుంటుంది, ఫలాఫెల్ ఉంటుంది, ఇండియన్ రెస్టారెంట్లూ ఉన్నాయి. అందుకే వంటగది ఉన్న ఇల్లు తీసుకోమన్నది. బియ్యం, కందిపొడి, ఆవకాయ సంచీలో పడేసుకోండి, రైలుకి పులిహోర కలుపుకోండి, రాత్రి పూట అన్నం పెరుగు ఆవిడకు ఇంటి దగ్గరే.

మిగిలినవి చిన్నవి. కుళాయి నీళ్లు తాగొచ్చు. సిటీ బస్సులో డ్రైవర్‌కి డబ్బులిస్తే తీసుకోడు, ఉర్బానా అనే కార్డు వాడతారు, కానీ మీ ప్లాన్‌లో ఆ బస్సు అవసరం పెద్దగా పడదు. గొడుగులు ముగ్గురికీ మూడు పెట్టుకోండి, అక్కడ వాన బాగా కురుస్తుంది. అత్తగారు పడుకున్నాక మీ ఇద్దరికీ ఓపిక ఉంటే మెటెల్కోవా వైపు వెళ్లండి, ఒకప్పటి సైనిక బ్యారక్స్, 1993లో కళాకారులు ఆక్రమించుకున్నారు, గోడల నిండా బొమ్మలు, రాత్రిళ్లు సంగీతం. ఇక ఊరికి పట్టుకెళ్లడానికి ఏం కొనాలని అత్తగారు తప్పకుండా అడుగుతారు. ఫ్రిజ్ మాగ్నెట్లు వద్దు. పిరాన్ అనే సముద్రతీరపు ఊరి ఉప్పు మోయడానికి తేలిక, గుమ్మడి గింజల నూనె అయితే ముదురాకుపచ్చగా చిక్కగా ఉంటుంది, అది వేడి చేసేది కాదు, పైన చల్లుకునేది. నూనె, తేనె రెండూ శనివారం మార్కెట్‌లోనే కొనేయండి. గుంటూరు వెళ్లేటప్పుడు విమానంలో చేతి సంచీలో ఒప్పుకోరు, మూతకి టేపు వేసి, చీరల మధ్యలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చెక్-ఇన్ పెట్టెలో సర్దండి.